ఆర్వీలో ఎడారి దాటి పాత స్నేహితుల దగ్గరికి: తరచుగా అడిగే ప్రశ్నలు

గత నవంబరులో నేను, మా ఆవిడ లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆర్వీ, అంటే పడక, వంటగది, మరుగుదొడ్డి అన్నీ ఉన్న ఇల్లు లాంటి బండి, అద్దెకు తీసుకుని, అరిజోనా మీదుగా న్యూ మెక్సికోలోని లాస్ క్రూసెస్ దాకా వెళ్ళి వచ్చాం. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో నాతో చదువుకున్న ముగ్గురిని చూడటానికి పెట్టుకున్న ప్రయాణం ఇది. తిరిగి వచ్చినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. మా వయసు వాళ్ళు మరుగుదొడ్డి సంగతి అడుగుతారు, వాళ్ళ పిల్లలు ఖర్చు అడుగుతారు, ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళు లైసెన్సు గురించి అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

విమానం ఎక్కితే గంటన్నరలో దిగే చోటికి ఆర్వీలో ఎందుకు?

నన్ను ‘ఒరేయ్’ అని పిలిచే వాళ్ళను ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అమ్మ, నాన్న, అన్నయ్య ముగ్గురూ పోయారు. మిగిలిన వాళ్ళలో ఇద్దరు ఈ ఎడారి దారిలోనే ఉన్నారు: ఒకడు ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో, ఇంకొకడు లాస్ క్రూసెస్‌లో. మధ్యలో టూసాన్‌లో మా తరగతి అమ్మాయి ఉంది. ఆమె ‘ఏమోయ్’ అంటుంది. ఇరవై ఏళ్ళుగా మేం కలిసింది పిల్లల పెళ్ళిళ్ళలోనే. పెళ్ళిలో కలవడం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. కంచం పట్టుకుని వరుసలో నిలబడి, ‘షుగరు ఎలా ఉంది’ అని అడిగేలోపు వెనకవాళ్ళు తోస్తారు.

విమానంలో వెళ్తే ఆ వయసు వాళ్ళు విమానాశ్రయానికి రావాలి, గది సర్దాలి, దుప్పట్లు ఉతకాలి, మూడు పూటలా వండాలి. ఇల్లు మనమే వెంట తీసుకెళ్తే వాళ్ళు చేయవలసింది వాకిట్లోకి వచ్చి నిలబడటం ఒక్కటే. లాస్ క్రూసెస్ మిత్రుడికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. అతను ఇక మా వైపు రాలేడు. మేం బయలుదేరడానికి అసలు కారణం అది.

ఏ రకం బండి తీసుకోవాలి?

అమెరికాలో వీటిని మూడు తరగతులుగా చెబుతారు. ‘ఏ’ తరగతి బస్సులా ఉంటుంది, ‘బి’ తరగతి వ్యానులా ఉంటుంది. ‘సి’ తరగతిలో డ్రైవరు తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన అటక, దాని మీద ఒక పడక ఉంటాయి. ఇద్దరికి, అప్పుడప్పుడు ముగ్గురికి, 25 అడుగుల ‘సి’ తరగతి సరిపోతుంది. అంతకంటే పొడుగైతే స్నేహితుల వీధుల్లో తిప్పలేరు. ‘బి’ తరగతి నడపడం సులువే గాని, అందులో స్నానం చేయడమంటే గోడలకు మోచేతులు అప్పగించడమే.

అద్దెకు తీసుకునే రోజు వాళ్ళు అరగంటలో గబగబా చూపించేస్తారు. ఫోనులో వీడియో తీసుకోండి. నేను తీసుకోలేదు. మొదటి రాత్రి వేడినీళ్ళ మీట ఎక్కడుందో తెలియక, మా ఆవిడ చేత ఆ పన్నెండు రోజులూ మాట పడ్డాను.

లైసెన్సు ప్రత్యేకంగా కావాలా?

ఈ సైజు బండికి మామూలు కారు లైసెన్సు చాలు. కాలిఫోర్నియాలో 40 అడుగుల లోపు మోటార్ హోమ్‌లకు అంతే. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళు అక్కడి లైసెన్సుతో పాటు, బయలుదేరే ముందే ఆర్టీవో కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే మంచిది. అది ఏడాది పనిచేస్తుంది. భీమా సంగతి మాత్రం విడిగా చూడండి. కారు అద్దెకు పనికొచ్చే క్రెడిట్ కార్డు రక్షణ ఆర్వీలకు చాలాసార్లు వర్తించదు.

నడపడం కష్టమా?

మొదటి గంట భయం, రెండో గంట నిర్లక్ష్యం. ప్రమాదం రెండోదానిలో ఉంది. మలుపు తిరిగేటప్పుడు వెనక తోక అవతలి పక్కకి విసిరినట్టు వస్తుంది. పెట్రోలు బంకుల్లో పసుపు స్తంభాలకు ఉన్న గీతలన్నీ ఇలాంటి తోకలు గీసినవే. ఎత్తు సుమారు 12 అడుగులు. ఆ అంకెను కాగితం మీద రాసి కళ్ళెదుట అంటించండి. హైవేల మీద వంతెనలతో ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది స్నేహితుడి ఇంటి ముందు చెట్టు.

పామ్ స్ప్రింగ్స్ దగ్గర శాన్ గోర్గోనియో కనుమలో గాలిమరలు వందల కొద్దీ కనిపిస్తాయి. అక్కడ గాలి ఎంత బలమో అవే చెబుతున్నాయి. అంత ఎత్తు బండి తెరచాప లాంటిది. వేగం తగ్గించి రెండు చేతులతో పట్టుకోవాలి. పెద్ద లారీ దాటిపోయేటప్పుడు బండి మొదట పక్కకు నెట్టినట్టవుతుంది, వెంటనే లాగినట్టవుతుంది. అలవాటు పడేదాకా గుండె జారుతుంది.

ఎన్ని రోజులు? ఏ దారి?

దారంతా ఇంటర్‌స్టేట్ 10. లాస్ ఏంజెలెస్ నుంచి ఫీనిక్స్ సుమారు 370 మైళ్ళు. అక్కడి నుంచి టూసాన్ 113. టూసాన్ నుంచి లాస్ క్రూసెస్ దాదాపు 275. పోను రాను, అటూ ఇటూ తిరిగిన వాటితో కలిపి మాకు 1,750 మైళ్ళు అయింది. పన్నెండు రోజులు పట్టింది. రోజుకు 250 మైళ్ళు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. కారులో నాలుగు గంటల దూరం ఆర్వీలో ఆరు గంటలు పడుతుంది. మధ్యలో టీ పెట్టుకోవాలనిపిస్తుంది, పెట్టుకోవచ్చు కూడా.

ఇండియో పట్టణం సముద్రమట్టం కంటే కింద ఉంది. అక్కడి నుంచి చిరియాకో సమ్మిట్ దాకా 1,700 అడుగులు ఎక్కాలి. ఇలాంటి ఎక్కుడు దారుల్లో ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపేసుకోవాలి. కొలరాడో నది దాటితే అరిజోనా. టూసాన్ దాటాక టెక్సస్ కాన్యన్ అనే చోట గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పేరుకే టెక్సస్, ఉన్నది అరిజోనాలో. మా ఆవిడ వాటిని చూసి హంపి అంది, నేను బంజారా హిల్స్ అన్నాను. ఆమెది విహారయాత్ర జ్ఞాపకం, నాది 1980ల నాటి అద్దె ఇంటి జ్ఞాపకం.

చేయకూడనిది ఒకటుంది: దారిలో ఉన్నాయి కదా అని నాలుగు నేషనల్ పార్కులు జాబితాలో చేర్చడం. మొదట మేం గ్రాండ్ కాన్యన్ కూడా కలిపాం. అది కలిపితే ప్రతి స్నేహితుడికీ ఒక రాత్రే మిగిలింది. తీసేశాం. రాళ్ళు ఆగుతాయి.

ఏ నెలలో వెళ్ళాలి?

అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి దాకా. ఎండాకాలంలో వద్దు. ‘మేం రెంటచింతల ఎండలు చూసిన వాళ్ళం’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్, తగ్గలేదు. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా ఉంది. వేసవిలో అక్కడికి తమ బండ్లు తీసుకెళ్ళవద్దని చాలా అద్దె సంస్థలు ఒప్పందంలోనే రాస్తాయి.

చలికాలంలో పగలు చొక్కా చాలు, రాత్రి రగ్గు కావాలి. ఎత్తు ప్రాంతాల్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టే చలి కూడా వేస్తుంది.

పెట్రోలు ఎంత తాగుతుంది?

గ్యాలనుకు 8 మైళ్ళు వచ్చిందంటే సంతోషించాలి. మాకు మొత్తం 220 గ్యాలన్లకు కాస్త అటూ ఇటూగా పట్టింది. కాలిఫోర్నియాలో ధర ఎక్కువ కాబట్టి నది దాటాక నింపుకోండి. అద్దె, మైళ్ళు, జనరేటర్ నడిచిన గంటలు, వంటసామాను, దుప్పట్లు, అన్నిటికీ విడివిడిగా లెక్క కడతారు. రోజు అద్దె చూసి చవక అనుకుంటే పొరపాటే. హోటలు గది, కారు అద్దె కలిపితే అంతకంటే తక్కువే అవుతుంది. డబ్బు ఆదా కోసమైతే ఈ ప్రయాణం చేయకండి.

మరుగుదొడ్డి సంగతి ఏమిటి?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్ళది. రెండోది సింకు, స్నానం నీళ్ళు చేరేది. మూడోది దొడ్డిది. ఆర్వీ పార్కుల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో ఖాళీ చేసే చోట్లు ఉంటాయి. చేతి తొడుగులు వేసుకుని, లావు గొట్టం గట్టిగా బిగించి, ముందు దొడ్డి ట్యాంకు మీట లాగాలి. అది పూర్తయ్యాక సింకు ట్యాంకు లాగితే ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుంది. ఈ వరుస తప్పితే గొట్టం కంపు కొడుతుంది.

దొడ్డి ట్యాంకు మీట ఎప్పుడూ మూసే ఉంచాలి, నిండవచ్చినప్పుడే తెరవాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది ట్యాంకులోనే గుట్టగా పేరుకుపోతుంది. ఇక మనవాళ్ళకు ముఖ్యమైన మాట: నీళ్ళు పుష్కలంగా వాడే అలవాటు దొడ్డి ట్యాంకుకు మంచిదే, మంచినీళ్ళ ట్యాంకుకు చేటు. మా బండిలో మంచినీళ్ళు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. బకెట్ల కొద్దీ పోసుకునే వాళ్ళకు రెండు రోజులు కూడా రావు. ఒళ్ళు తడిపి, షవరు ఆపి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పాలి. తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున సీసాల్లో వేరుగా పెట్టుకోండి.

చాండ్లర్ మిత్రుడు ‘మా ఇంటి డ్రైనేజీలో వదిలెయ్యరా’ అన్నాడు. వద్దు. చాలా ఊళ్ళలో అది నేరం, అన్నిచోట్లా అమర్యాద.

కరెంటు, ఏసీ?

ఆర్వీ పార్కులో 30 ఆంపియర్ల ప్లగ్గు దొరుకుతుంది, అన్నీ నడుస్తాయి. ఏమీ లేని చోట లైట్లు, నీళ్ళ పంపు బ్యాటరీ మీద, ఫ్రిజ్, పొయ్యి గ్యాసు మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్ కావాలంటే జనరేటర్ వేయాలి. అది బండి పెట్రోలే తాగుతుంది. ట్యాంకు పావు వంతుకు దిగగానే జనరేటర్ ఆగిపోయేలా చాలా బండ్లలో ఏర్పాటు ఉంటుంది. మీరు ఎడారిలో చిక్కుకుపోకుండా చేసిన ఉపాయం అది. రాత్రి పది తర్వాత జనరేటర్ వేస్తే పక్కబండి వాళ్ళు వచ్చి తలుపు తడతారు.

వంట చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. తిరగమోత మాత్రం బయట పెట్టుకోండి. ఎండుమిరపకాయ నూనెలో పడిన మరుక్షణం పొగ అలారం మోగుతుంది, అది ఆగే లోపు ఆవాలు మాడిపోతాయి. మేం చిన్న గ్యాసు పొయ్యి ఒకటి తీసుకెళ్ళి, బయట మడత బల్ల మీద పోపు వేసి, లోపల పప్పులో కలిపాం. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ అనే ఊళ్ళో పక్కబండి పెద్దాయన వాసన పట్టుకుని గిన్నెతో సహా వచ్చాడు.

గిన్నెలు కడిగే ముందు నూనె, పులుసు ముద్దలు కాగితంతో తుడిచెయ్యండి. సింకు ట్యాంకులో నూనె పేరుకుంటే దొడ్డి ట్యాంకును మించిన కంపు వస్తుంది. ఫ్రిజ్ తలుపుకు గడియ ఉంటుంది, బండి కదిలే ముందు అది పడిందో లేదో చూడాలి. మేం చూడకుండా బయలుదేరిన రోజు ఆవకాయ సీసా మొదటి మలుపులోనే కింద పడింది. నూనె తుడిచాం. వాసన లాస్ క్రూసెస్ దాకా మాతోనే వచ్చింది.

కరివేపాకు తీసుకెళ్ళవచ్చా?

పచ్చిది వద్దు. ఇది తమాషా కోసం చెప్పడం లేదు. కరివేపాకు నిమ్మ కుటుంబపు చెట్టు. బత్తాయి, నిమ్మ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ అనే చిన్న పురుగు దీని ఆకుల మీద కూడా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, అరిజోనా రెండింటిలోనూ దీని రవాణా మీద ఆంక్షలు ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బ్లైత్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. పండ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. టూసాన్ మిత్రురాలు పెరట్లో కుండీలో పెంచిన కరివేపాకు రెమ్మలు గుత్తిగా కట్టి ఇచ్చింది. మేం అవి అక్కడే కరివేపాకు పొడి కొట్టించుకున్నాం.

అద్దె బండికి పూజ చేయించాలా?

మీ ఇష్టం. మా ఆవిడ ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది. అద్దె సంస్థ కుర్రాడు ఏదో పరీక్ష అనుకుని పక్కకు తప్పుకున్నాడు.

రాత్రి ఎక్కడ ఆగాలి?

మూడు మార్గాలు. ఆర్వీ పార్కులు: డబ్బు కట్టాలి, నీళ్ళు, కరెంటు, మురుగు అన్నీ ఉంటాయి. రాష్ట్ర, కౌంటీ ఉద్యానాల్లో క్యాంపు స్థలాలు: అందంగా ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. మూడోది ఎడారే.

అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో చాలా భూమి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర సంస్థ చేతిలో ఉంది. అందులో చాలాచోట్ల ఉచితంగా 14 రోజుల దాకా ఆగవచ్చు. క్వార్ట్‌సైట్ ఊరి పక్కన అదే సంస్థ ఏటా సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా దీర్ఘకాల విడిది నడుపుతుంది. కొద్ది రుసుము కడితే నెలల తరబడి ఉండవచ్చు. వేసవిలో నిద్రపోయే ఆ చిన్న ఊరు జనవరి వచ్చేసరికి ఉత్తరాది చలి నుంచి పారిపోయి వచ్చిన ఆర్వీలతో తిరునాళ్ళలా అవుతుంది. మేం నవంబరులోనే వెళ్ళాం కాబట్టి బండికీ బండికీ మధ్య కేక వేస్తే వినపడేంత దూరం ఉంది. దీపాలార్పి బయట కుర్చీలు వేసుకుంటే పాలపుంత కనపడింది. ఆఖరుసారి అంత స్పష్టంగా చూసింది చిన్నప్పుడు డాబా మీద, నవారు మంచం మీద పడుకుని.

ఆ ఊరి శ్మశానంలో ఒక రాతి పిరమిడ్, దాని మీద లోహపు ఒంటె బొమ్మ ఉంటాయి. 1850లలో అమెరికా సైన్యం ఎడారి రవాణా కోసం ఒంటెలను తెప్పించి చూసింది. వాటితో పాటు ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన హాజీ అలీ పేరు ఇక్కడి వాళ్ళ నోట ‘హై జాలీ’ అయింది. ఒంటెల పథకం మూతపడ్డా అతను వెనక్కి వెళ్ళలేదు, 1902లో ఇక్కడే పోయాడు. మన పేర్లకు ఆఫీసుల్లో పట్టిన గతి తలుచుకుని నేను కాసేపు ఆ సమాధి దగ్గర నిలబడ్డాను.

స్నేహితుల ఇంటి ముందు బండి పెట్టవచ్చా?

వెళ్ళే ముందు వాళ్ళను మూడు అడగండి. మీ కాలనీ సంఘం ఒప్పుకుంటుందా? ఇంటి ముందు కొమ్మలు ఎంత ఎత్తున ఉన్నాయి? వాకిలి ఎంత వాలుగా ఉంది? అమెరికాలో చాలా కాలనీ సంఘాలు ఇంటి ముందు ఆర్వీ నిలపడాన్ని నిషేధిస్తాయి, లేదా ఒకటి రెండు రాత్రులకే అనుమతిస్తాయి. చాండ్లర్ మిత్రుడు ముందే సంఘానికి రాసి రెండు రాత్రులకు అనుమతి తీసుకున్నాడు. మూడో రాత్రి దగ్గర్లోని ఆర్వీ పార్కుకు మారాం. అతనూ సంచీ సర్దుకుని మాతో వచ్చేశాడు.

కొమ్మల సంగతి అడగడం నేను మరిచిపోయాను. టూసాన్‌లో వాకిట్లో పాలో వెర్డే చెట్టు ఉంది. అరిజోనా రాష్ట్ర వృక్షం అదే. దాని కొమ్మ బండి పైకప్పు మీద రెండడుగుల గీత గీసింది. భీమాలో నా వాటా నేను కట్టుకున్నాను.

నిండుగా ఉన్న ‘సి’ తరగతి బండి ఆరున్నర టన్నుల దాకా తూగుతుంది. పాత వాకిలి గచ్చు పగలవచ్చు. వీధి వారగా పెట్టడమే మేలు. ఇంటి మామూలు ప్లగ్గుకు అడాప్టరు, లావు వైరు కలిపితే ఫ్రిజ్, లైట్లు, బ్యాటరీ ఛార్జింగ్ నడుస్తాయి. దాని మీద ఏసీ వేస్తే స్నేహితుడి ఇంట్లో ఫ్యూజు పోతుంది.

ఇంట్లో గదులు ఉండగా బండిలో పడుకుంటే వాళ్ళు నొచ్చుకోరా?

నొచ్చుకుంటారు. మొదటి పూట. చాండ్లర్‌లో ‘నా ఇంటికొచ్చి వీధిలో పడుకుంటావురా’ అని వాడు కేకలేశాడు. వాడి భార్య ముఖం చిన్నబుచ్చుకుంది. నేను జవాబు చెప్పలేదు. రాత్రి పదకొండుకి వాళ్ళకు నిద్ర వేళయింది, మేం లేచి వచ్చేశాం. పొద్దున ఐదున్నరకు తలుపు తట్టిన చప్పుడు. లుంగీ మీద కోటు వేసుకుని, రెండు చేతుల్లో కాఫీ కప్పులతో వాడు. ఇంట్లో అందరూ లేచేదాకా బండిలో కూర్చుని మాట్లాడుకున్నాం. హాస్టల్ గది కూడా సుమారుగా ఆ కొలతే. వాడి ఇంట్లో నాలుగు గదులున్నాయి, వాడికి చెప్పుకోవలసింది మాత్రం ఆ చిన్న బల్ల దగ్గరే చెప్పాడు. రెండో రాత్రి గది ఊసు ఎవరూ ఎత్తలేదు.

టూసాన్‌లో వేరేలా జరిగింది. ఆమె భర్త పోయి మూడేళ్ళు. ఇంట్లో అతని కుర్చీ, అతని కళ్ళజోడు అలాగే ఉన్నాయి. మేం లోపల కూర్చున్నంతసేపూ ఆమె వాటి చుట్టూ తిరుగుతూ మాట్లాడింది. రెండో సాయంత్రం మా ఆవిడ, ‘వదినా, మా ఇంటికి టీకి రండి’ అని పిలిచి బండిలోకి తీసుకొచ్చింది. ఆమె నవ్వి, చెప్పులు బయట విడిచి, చుట్టం ఇంటికి వచ్చినట్టు వచ్చింది. రాత్రి ఒంటిగంట దాకా కదలలేదు. ఇంట్లో ఆమె ఆతిథ్యం ఇవ్వాలి. బండిలో కూర్చుంటే చాలు.

కాబట్టి నా సలహా: పగలు వాళ్ళ ఇంట్లో, భోజనం వాళ్ళ ఇష్టం, పడక బండిలో. వాళ్ళను కూడా ఒక పూట మీ ఇంటికి, అంటే బండికి, పిలవండి. మూడు రాత్రులు మించకండి.

ఎడారిలో తుఫాన్లు వస్తాయా?

దుమ్ము తుఫాన్లు వస్తాయి. ఫీనిక్స్, టూసాన్‌ల మధ్య, ముఖ్యంగా ఈలాయ్ పరిసరాల్లోనూ, న్యూ మెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిన సరస్సు పక్కనా జాగ్రత్త. ఎదుట గోధుమరంగు గోడ కనపడితే దాటేద్దామని ప్రయత్నించకండి. రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు దిగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసి కూర్చోవాలి. లైట్లు ఎందుకు ఆర్పాలంటే, వెనక వచ్చేవాడు మీ ఎర్రలైటు చూసి రోడ్డు అటే ఉందనుకుని మీ మీదికే వస్తాడు.

వేసవి వానల్లో ఎండు వాగులు నిమిషాల్లో పొంగుతాయి. అడ్డుగా పెట్టిన బారికేడ్లు దాటి వాగులో చిక్కుకుంటే, రక్షించిన ఖర్చు ఆ డ్రైవరు నుంచే వసూలు చేసే చట్టం అరిజోనాలో ఉంది. జనం దాన్ని ‘తెలివితక్కువ డ్రైవర్ల చట్టం’ అంటారు.

కాగితాలు ఏమేమి ఉండాలి?

ఇది దేశం లోపలి ప్రయాణమే అయినా, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా సాగుతుంది. లాస్ క్రూసెస్ చుట్టుపక్కల హైవేల మీద సరిహద్దు గస్తీ దళం (బోర్డర్ పెట్రోల్) తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. మేం వైట్ శాండ్స్ అనే తెల్ల దిబ్బల పార్కు నుంచి వస్తూ ఒకచోట, పడమరకు తిరిగి వస్తూ ఇంకొకచోట ఆగాం. పౌరులు కాని పెద్దవాళ్ళు గ్రీన్‌కార్డు గాని, పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసిన పత్రం) గాని వెంట ఉంచుకోవాలని చట్టం. ‘ఇంట్లో బీరువాలో ఉన్నాయి’ అనే జవాబు అక్కడ చెల్లదు. అమ్మానాన్నలను తీసుకెళ్ళే పిల్లలు దీన్ని రెండుసార్లు చదవండి.

గడియారం మార్చుకోవాలా?

వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతిని అరిజోనా పాటించదు, నవాహో ఆదివాసుల భూభాగం తప్ప. అందువల్ల వేసవిలో కాలిఫోర్నియాతో సమానంగా, చలికాలంలో గంట ముందుగా ఉంటుంది. చాండ్లర్ మిత్రుడికి మధ్యాహ్న భోజనానికి వస్తామని చెప్పి గంట ఆలస్యంగా వెళ్ళాం. ‘కాకినాడలోనూ నువ్వు ఇంతే’ అన్నాడు.

దారిలో చూడవలసినవి?

ఇండియో దగ్గర ఖర్జూర తోటలు. పాలలో ఖర్జూరం కలిపి చిలికి ఇచ్చే షేకు తాగండి, షుగరు ఉన్నవాళ్ళు సగం తాగండి. టూసాన్‌కు రెండు వైపులా సగువారో నేషనల్ పార్కు ఉంది. చేతులెత్తి నిలబడినట్టుండే ఆ జెముడు చెట్లు నలభై అడుగులు పెరుగుతాయి. మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్ళు పైన పడుతుంది. ఒంటి నిండా మడతలుంటాయి. వాన పడితే నీళ్ళు పీల్చుకుని హార్మోనియం తిత్తిలా విప్పారతాయి. కొమ్మలు లేని చెట్టును చూపించి మా మిత్రురాలు, ‘ఇది మన బ్యాచ్ కంటే చిన్నది’ అంది. పడమటి వైపు పార్కుకు గేట్స్ పాస్ అనే దగ్గర దారి ఆర్వీలకు పనికిరాదు, కిన్నీ రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి. మన పొలాల గట్ల మీది నాగజెముడు పూర్వీకులు కూడా ఈ ఖండం వాళ్ళే.

న్యూ మెక్సికోలో ఏ హోటలుకు వెళ్ళినా ‘ఎరుపా, పచ్చా’ అని అడుగుతారు. మిరపకాయల కూర గురించి. దాన్ని ఆ రాష్ట్రం తన అధికారిక ప్రశ్నగా ప్రకటించుకుంది కూడా. హాచ్ ఊరి మిరపకాయకు వాళ్ళ దగ్గర ఉన్న పరపతి మన గుంటూరు మిరపకు ఉన్నంత. కారం మాత్రం అంత లేదు.

పాములు, ముళ్ళు?

చలికాలంలో పాములు అరుదు. చోయా అనే జెముడు దగ్గరికి వెళ్ళకండి. ముట్టుకుంటే ముక్క ఊడి చేతికి అంటుకుంటుంది. వేళ్ళతో లాగవద్దు, దువ్వెనతో విసరాలి. దువ్వెన అవసరం లేని బట్టతల వాళ్ళు కూడా ఒకటి జేబులో పెట్టుకోండి.

నడవలేని వాళ్ళను ఆర్వీలో తిప్పవచ్చా?

లాస్ క్రూసెస్ మిత్రుడు రెండేళ్ళుగా ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ కదలలేదు. కారులో గంట కూర్చోలేడని కాదు, దారిలో బాత్రూము అవసరమైతే ఎలా అన్న బెంగ. ఆ బెంగ ఆర్వీలో లేదు. అతని కొడుకు, నేను కలిసి మెట్లు ఎక్కించాం. మెట్లు నిటారుగా ఉంటాయి, ఇద్దరు మనుషులు తప్పనిసరి. బండి నడుస్తున్నంతసేపూ పడక మీద పడుకోబెట్టకూడదు. బల్ల దగ్గరి సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టాలి. ఆగినప్పుడు పడుకోవచ్చు. చక్రాల కుర్చీని మడిచి స్నానాల గదిలో తాడుతో కట్టాం.

యాభై మైళ్ళ దూరంలో వైట్ శాండ్స్ నేషనల్ పార్కు ఉంది. పక్కనే క్షిపణి పరీక్షా క్షేత్రం. పరీక్షలు జరిగే రోజుల్లో దారి గంటల తరబడి మూసేస్తారు, ముందే కనుక్కుని వెళ్ళాలి. అక్కడి తెల్ల దిబ్బలు ఇసుక కాదు, జిప్సం. అనంతపురం వైపు వేరుశనగకు ఊడలు దిగే వేళ వేసే జిప్సమే, 275 చదరపు మైళ్ళ మేర. ఎండలో కూడా కాలు కాలదు. దిబ్బల మధ్య చక్రాల కుర్చీ వెళ్ళేలా చెక్క దారి కట్టారు. దాని చివర దాకా తోసుకెళ్ళాం. అతని చెప్పు విప్పి, వంగి చారెడు జిప్సం తీసి అరికాలి మీద పోశాను. స్పర్శ ఉన్న కాలు మీద. పక్షవాతం తర్వాత అతని మాట సరిగా రాదు. ‘ఒరేయ్’ అన్నది మాత్రం స్పష్టంగానే వచ్చింది. తర్వాత ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగలేదు.

సూర్యాస్తమయానికి దిబ్బలు గులాబీ రంగుకు తిరిగాయి. బండిలో టీ పెట్టుకుని, గేటు మూసే వేళ దాకా ఉన్నాం. పార్కులో ఆర్వీలు రాత్రి ఉండటానికి వీల్లేదు.

పన్నెండు రోజులు ఒకే డబ్బాలో ఉంటే భార్యాభర్తల మధ్య గొడవలు రావా?

మాకు మూడు వచ్చాయి. రెండు రివర్సు చేసేటప్పుడు. వెనక నిలబడి దారి చూపే మనిషి ఎక్కడ ఉండాలో ముందే అనుకోండి. ఆమె అద్దంలో కనపడకపోతే బండి కదపకూడదు. మూడోది వేడినీళ్ళ మీట గురించి, పైన చెప్పాను.

తిరిగి అప్పగించేటప్పుడు ఏమి చూసుకోవాలి?

ట్యాంకులు ఖాళీ చేయాలి, పెట్రోలు నింపాలి, ఫొటోలు తీసుకోవాలి. లేకపోతే వాళ్ళు చెప్పిందే లెక్క. పైకప్పు మీది గీత సంగతి మేమే ముందు చెప్పాం. ఆవకాయ వాసన వాళ్ళకు తెలియలేదు, లేదా మర్యాదకు ఊరుకున్నారు. కార్పెట్టులో ఇరుక్కున్న తెల్ల పొడికి మాత్రం శుభ్రం చేసే రుసుము వేశారు. పార్కు నుంచి జిప్సం తీసుకెళ్ళడం నిషిద్ధమని బోర్డు చూశాం. మేం తీసుకెళ్ళలేదు. అదే చక్రాల కుర్చీ పట్టుకుని వచ్చింది.